‘అయిపోయిందండి’ అనే హోటలు

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, మరుసటి ఏడు సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. మద్రాసు సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటరు ఉద్యోగం చేసినవాడు. వెంట నూరుమంది దాకా పరివారం, పల్లకీ మోసే బోయీలు, డేరాలు. దారిలో ఉన్నన్నాళ్లూ స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లైకి ఉత్తరాలు రాస్తూ పోయాడు. అవే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయ్యాయి. సాహిత్యంవాళ్లు ఆ పుస్తకంలో భాష చూస్తారు, చరిత్రకారులు కంపెనీ పాలన చూస్తారు. మెడికల్ రిప్రజెంటేటివ్‌గా బ్యాగు పట్టుకుని గోదావరి జిల్లాల నుంచి శ్రీకాకుళం దాకా తిరిగినవాణ్ణి కనుక, నా కన్ను మాత్రం ఒక్కదాని మీదే పడింది. మజిలీ చేరగానే ఆయన ముందు ఏం చూస్తాడు? ఊరు ఎంతటిది, బావి నీళ్లు ఎలాంటివి, అంగళ్లలో వంటసామాను దొరుకుతుందా, దిగడానికి సత్రమో తోపో ఉందా. గుడి సంగతి చాలాచోట్ల వీటి తర్వాతే వస్తుంది. అంత పలుకుబడి, డబ్బు ఉన్న మనిషి కూడా పొరుగూళ్లో మొదట వెతుక్కున్నది నమ్మదగిన నీళ్లూ నమ్మదగిన పొయ్యీనే.

ఆ రోజుల్లో బాటసారికి ఉన్న దారులు మూడే. సామాను కొనుక్కుని చెట్టుకింద మూడు రాళ్లు పెట్టి వండుకోవడం, సత్రంలో దిగడం, లేదంటే పూటకూళ్ల ఇంటికి వెళ్లడం. మొదటి రెండింటి గురించి ఎక్కువ చెప్పను. వండుకునేవాడికి తన వంట మీద అనుమానం ఉండదు. సత్రం పెట్టిన దాత పుణ్యం కోసం పెట్టాడు, లాభం కోసం కాదు. ఆ పుణ్యంలో కులం చూసి వడ్డించడం కూడా ఉండేదన్నది వేరే కథ. డబ్బు తీసుకుని అన్నం పెట్టిన మన మొదటి హోటలు పూటకూళ్ల ఇల్లే.

అది ఎంత పాతదో చెప్పడానికి ‘క్రీడాభిరామం’ ఉంది. వినుకొండ వల్లభరాయని పేరుతో ఉన్న ఆ వీథినాటకం శ్రీనాథుడి రచనేనన్న వాదమూ ఉంది. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతారు. మధ్యాహ్నం ఆకలేసినప్పుడు పూటకూళ్ల ఇంటి మాట వస్తుంది. ఒక్క రూకకి ఏమేం పెడతారో అందులో ఉంది: సన్నన్నం, గోధుమపిండి వంట, పంచదార, పెసరపప్పు, అప్పుడే కాచిన ఆవునెయ్యి, అరటిపళ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు. ఈ జాబితాని నోరూరించే వర్ణనగా చదివేవాళ్లే ఎక్కువ. నాకు అందులో పరాయి ఊళ్లో తినబోయేవాడి జాగ్రత్త కనిపిస్తుంది. ధర ముందే తెలుసు. ఎవరి ఇల్లో పేరుతో సహా తెలుసు. నెయ్యి పాతది కాదని విడిగా చెప్పుకున్నారు. ఆరువందల ఏళ్ల కిందటి తిండిపోతులు కూడా పాసిన నెయ్యిని వాసనతోనే పట్టేవాళ్లన్నమాట.

పూటకూళ్ల ఇల్లు ఎలా నడిచేదో ‘కన్యాశుల్కం’ మరికాస్త దగ్గరగా చూపిస్తుంది. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడిన ఆ నాటకంలో గిరీశం పూటకూళ్లమ్మ దగ్గర సంతలో సామాను తెస్తానని ఇరవై రూపాయలు పట్టుకెళ్లి వేరేచోట ఖర్చు చేసేస్తాడు. ఆవిడ చీపురుకట్ట పట్టుకుని వెతుక్కుంటూ వస్తుంది. జనం ఆ చీపురుకట్టనే గుర్తుపెట్టుకున్నారు. నేను ఆ ఇరవై రూపాయల దగ్గర ఆగాను. సంతకి సంత సామాను తెచ్చుకునే ఇల్లది. కొట్టుగదిలో నెలల తరబడి మూలిగే పప్పుబస్తాలు అక్కడ ఉండవు. వితంతువు చేతిలో ఉన్న కాస్త పెట్టుబడి, ఆ పూటకి ఎంతమందో లెక్క చూసుకుని పొయ్యి మీద పెట్టే ఎసరు. పొద్దున్నే చెప్పకపోతే మధ్యాహ్నం విస్తరి దొరకదు. తినేవాడు కూర్చున్నది ఆ ఇంటి వసారాలోనే కాబట్టి వంటింట్లో ఏం జరుగుతోందో వాసనకీ చెవికీ తెలుస్తూనే ఉంటుంది. మూడునాళ్లు తిని ఎవరికైనా కడుపులో తేడా చేస్తే నాలుగో రోజుకి పేటంతా తెలుస్తుంది. ఆ నలుగురి మాటే ఆవిడకి బోర్డు, లైసెన్సు.

ఇక్కడ ఒక్కమాట. ప్రయాణంలో బాగాలేదు అనిపించే తిండంతా చెడ్డ తిండి కాదు. పల్నాడులో జొన్నకూడు, చింతచిగురు వేసి వండిన బచ్చలికూర తినలేక శ్రీనాథుడు కృష్ణుణ్ణే సవాలు చేశాడని ఒక చాటువు ఉంది. సన్నన్నం అలవాటైన కవికి ఆ ముద్ద దిగలేదు, అంతే. నీళ్లు లేని ఆ నేలలో పండిందే వండి పెట్టారు. అది ఆ ఊరు నిజాయితీగా పెట్టిన భోజనం. పలాసలో దిగి రోటీ, పనీర్ ఎక్కడ దొరుకుతాయని అడిగే కుర్రాళ్లకి కూడా ఈ మాటే చెబుతుంటాను. ఆ ఊళ్లో ఎవరూ రోజూ తినని వంటకం అడిగితే, ఎన్నాళ్ల కిందట వండారో తెలియనిది తెచ్చి పెడతారు.

దారిలో అన్నం, బస అమ్మేవాళ్ల మీద ప్రభుత్వం కన్నుపడింది 1867లో. ఆ ఏడు వచ్చిన సరాయిల చట్టం సరాయి నడిపేవాడికి కొన్ని షరతులు పెట్టింది. గదులు, వరండాలు, కాలవలు శుభ్రంగా ఉంచాలి. నీళ్లు తోడుకునే బావినీ చెరువునీ శుభ్రం చేయించాలి. అంటురోగం వచ్చినవాడు లోపల ఉంటే పోలీసుకి వెంటనే చెప్పాలి. మేజిస్ట్రేటు వస్తానంటే ఎప్పుడైనా లోపలికి రానివ్వాలి. వసూలు చేసే రేట్ల పట్టీ నలుగురికీ కనబడేలా, మేజిస్ట్రేటు చెప్పిన భాషల్లో రాసి పెట్టాలి. నూటయాభై ఏళ్లు దాటిన ఈ నిబంధనల్ని ఇప్పటికీ తనిఖీ పట్టికగా వాడుకోవచ్చు. కాలవ ఎటు పోతోంది, నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి, రేటు రాసి ఉందా? రేటు రాయని చోట కూర్చుంటే తిన్నాక వాడు చెప్పిందే ధర.

రైలు వచ్చాక పరిస్థితి మారిపోయింది. గోదావరి మీద పాత వంతెన 1900లో తెరుచుకుంది. మద్రాసు నుంచి కలకత్తా దాకా జనం గుంపులు గుంపులుగా కదలసాగారు. పూటకూళ్లమ్మ ఇంట్లో తిన్నవాడు రేపూ వస్తాడు, ఎల్లుండీ వస్తాడు. రైలు దిగినవాడు పది నిమిషాల్లో తిని మళ్లీ పెట్టె ఎక్కేస్తాడు. కడుపులో పోటు మొదలయ్యేసరికి రెండు జిల్లాలు దాటేసి ఉంటాడు. అమ్మినవాడికి అతని ముఖం మళ్లీ చూడాల్సిన పని లేదు. రైల్వే స్టేషను, బస్టాండు ఎదురుగా ఉండే హోటళ్ల తీరుకి మూలం ఇదే. అక్కడ యజమానులంతా చెడ్డవాళ్లని నేను అనను. మంచిగా ఉన్నందుకు లాభమేమీ లేని చోటది. అక్కడ కూడా శుభ్రంగా నడిపినవాళ్లని చూశాను, వాళ్ల మీద నాకు రెట్టింపు గౌరవం.

స్టేషన్లతో పాటు కాఫీ హోటళ్లు వచ్చాయి, వాటితో బోర్డులూ వచ్చాయి. పేరు ముందు ‘బ్రాహ్మణ’ అని రాసుకున్న హోటళ్లు మద్రాసు రాష్ట్రమంతటా ఉండేవి. ఊరుగాని ఊళ్లో వండేది ఎవరో తెలియని జనానికి ఆ మాట శుభ్రానికి హామీలా కనిపించింది. ప్లాట్‌ఫారాల మీద కుళాయి నీళ్లకి కూడా హిందూ, ముస్లిం అని పేర్లుండేవి. ఒకే గొట్టంలోంచి వచ్చే నీళ్లకి రెండు మతాలు అంటగట్టారు. కుండ కడిగారా, నీళ్లు కాచారా అని ఎవరూ అడగలేదు. ఎవరు పోస్తున్నారు అన్నదే అడిగారు. కలరా క్రిమిని శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ 1884లోనే కలకత్తాలో చెరువు నీళ్లల్లో చూపించాక కూడా ఇంకో అరవై ఏళ్లు మనవాళ్లు కులాన్నే కాపలా పెట్టుకున్నారు. కలరా అన్ని కులాల వాకిళ్లూ తొక్కింది.

1950లో రాజ్యాంగం పదిహేనో అధికరణం హోటళ్లలో, దుకాణాల్లో కులం పేరుతో ఎవరినీ ఆపకూడదంది. 1955లో అంటరానితనం నేరాల చట్టం వచ్చింది. బోర్డుల మీద మాటలు చెరిగిపోయాయి గానీ, పాక చూరులో గ్లాసు మాత్రం పోలేదు. నేను ఉద్యోగంలో చేరిన డెబ్బయ్యో దశకంలో పల్లె టీకొట్ల దగ్గర దాన్ని నా కళ్లతో చూశాను. లోపలివాళ్లకి గాజు గ్లాసులు బల్లమీద వరసగా ఉండేవి. బయట తాటాకు చూరులో దోపిన సత్తు గ్లాసు వేరే. కూలికొచ్చిన మనిషి దాన్ని తానే తీసి, తానే కడిగి, చేయి చాచి పట్టుకుంటే పైనుంచి టీ పోసేవాళ్లు. తాగాక మళ్లీ తానే కడిగి చూరులో దోపేవాడు. ఆ కొట్లో దారంటపోయే నాలాంటివాళ్లకి బెంచీ తుడిచి మరీ కూర్చోబెట్టేవాళ్లు. చెడ్డ హోటలుకి గుర్తులేమిటని నన్నెవరైనా అడిగితే మొదట చెప్పేది ఇదే, ఈగల గురించీ మురికి గుడ్డ గురించీ ఆ తర్వాతే. నలుగురిలో ఒకణ్ణి మనిషిగా చూడని చోట పాలు ఎంత చిక్కగా ఉన్నా అక్కడ కూర్చోకూడదు. ఇప్పుడు చూరు గ్లాసు పోయి డిస్పోజబుల్ కప్పు వచ్చింది. అది అందరికీ ఇస్తున్నారా, కొందరికేనా అన్నది కాసేపు నిలబడి చూస్తే తెలుస్తుంది.

ఇక మెస్సులు. పూటకూళ్ల ఇంటి ఆనవాలు మిగిలింది వీటిల్లోనే. జిల్లా కోర్టు వెనక సందులో, తాలూకా ఆఫీసు పక్కన, కాలేజీ ఎదుటి ఇంటి ముందుగదిలో ఉంటాయి. గుమస్తాలు, ప్లీడర్లు, బ్యాంకువాళ్లు, పెళ్లికాని మాస్టార్లు రోజూ తింటారు, నెలకి ఖాతా పెడతారు. రోజూ తినేవాడు సాంబారు పలచబడితే ఆ పూటే గొడవ చేస్తాడు. వాడి పుణ్యాన మనలాంటి పరదేశికి కూడా చిక్కటి సాంబారు దక్కుతుంది.

మా వృత్తిలో కొత్త ఊళ్లో దిగగానే డాక్టరుగారి దగ్గర వంతు కోసం కూర్చున్నప్పుడే భోజనం సంగతి తేల్చుకునేవాళ్లం. అడగాల్సింది కంపౌండరుని. ఎలా అడగాలన్నది నాకు ఒక సీనియరు నేర్పాడు. “ఇక్కడ భోజనం ఎక్కడ బాగుంటుందండీ?” అంటే ఊరి పరువు నిలబెట్టే పెద్ద హోటలు పేరు చెబుతారు. “కంపౌండరుగారూ, మీరెక్కడ తింటారండీ?” అని అడగాలి.

“స్టేషనెదురు వద్దండి బాబూ. కోర్టెనకాల మేడ కింద మెస్సుందండి, అక్కడికెళ్లండి. ఒంటిగంటన్నర దాటితే ఉండదండి, అయిపోద్ది.”

ఆ చివరిమాటే నాకు కావలసింది. ‘మీల్స్ రెడీ’ అని సుద్దతో రాసిన పలక పదకొండున్నరకి గుమ్మానికి వేలాడుతుంది. రెండుకి లోపలికి వెళ్లిపోతుంది. ఆ తర్వాత వెళ్తే ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చి, “అయిపోయిందండి, ఏమీ అనుకోకండి” అంటాడు. ఆకలితో ఉన్నప్పుడు ఆ మాట కష్టంగానే ఉంటుంది. కానీ ఆ మాట అనగలిగిన హోటల్లో నిన్నటి కూర ఉండదు. లెక్క చూసి వండారు, వండింది చెల్లిపోయింది. సాయంత్రం నాలుగింటికి వెళ్లినా చేపలపులుసు నుంచి చైనా నూడుల్సు దాకా ఏదడిగినా ‘ఉందండి’ అనే చోట, అదంతా ఎక్కడ, ఎన్నాళ్లుగా ఉందో ఆలోచించాలి. నాలుగు పేజీల మెనూకి వెనక అంత పెద్ద ఫ్రిజ్జు ఉండి తీరాలి, ఆ ఫ్రిజ్జుకి ఆగని కరెంటు ఉండి తీరాలి.

పలక చూశాక చూడాల్సింది నూనె. టిఫిను హోటలువాళ్లు బాణలి గుమ్మం దగ్గరే పెడతారు కనుక ఇది సులువు. కొత్త నూనెలో బజ్జీ వేస్తే చుట్టూ బుడగలు చురుగ్గా లేచి వెంటనే చిట్లిపోతాయి, నూనె మళ్లీ తేటపడుతుంది. రోజుల తరబడి మరిగిన నూనె అలా ఉండదు. సన్నటి నురుగు పట్టి అంచులదాకా పాకుతుంది, వాయి తీసేశాక కూడా కాసేపు అలాగే నిలబడుతుంది. మంట పెద్దగా లేకపోయినా పొగ లేస్తుంది, దగ్గరికెళ్తే కళ్లు మండుతాయి. చట్రంతో పైకెత్తినప్పుడు చుక్కలుగా రాలదు, జిగటగా దిగుతుంది. మాడి విరిగిన నూనెలో పేరుకునే పదార్థాలు నూటికి పాతిక వంతులు దాటితే ఆ నూనె వాడకూడదని 2018 జులై నుంచి దేశంలో నిబంధన ఉంది. దాన్ని కొలిచే మీటరు ప్రయాణికుడి దగ్గర ఉండదు, నురుగు చూసే కళ్లు ఉంటాయి.

అన్నం సంగతి ఇంతకంటే ముఖ్యం, దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. మధ్యాహ్నం మిగిలిన అన్నాన్ని రాత్రి ఉడుకన్నంలో కలిపి పెట్టడం పాత అలవాటు. విస్తట్లో వడ్డించిన అన్నం పైన పొగలు కక్కుతూ, వేలు పెట్టి విడదీస్తే మధ్యలో చల్లటి ఉండలు తగిలితే అది కలిపిన అన్నమే. ఇప్పుడు ఆ మిగులంతా ఫ్రైడ్ రైసులోకి పోతోంది. బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి విత్తులు అన్నం ఉడికినా చావవు. వండిన అన్నం గది వేడిలో గంటల తరబడి ఉంటే అవి పెరిగి విషం ఊరుస్తాయి. ఆ విషం మళ్లీ పెద్దమంట మీద వేయించినా పోదు. వేడివేడిగా తిన్నాను, ఎందుకు వాంతులయ్యాయని రోగి ఆశ్చర్యపోవడం డాక్టర్ల గదుల్లో ఎన్నోసార్లు విన్నాను.

కాలాన్ని బట్టి కూడా గుర్తులు మారతాయి. ఆషాఢంలో గోదావరికి ఎర్రనీరు తగలగానే నీళ్లవిరోచనాల మందులకి, ఆ వెనకే టైఫాయిడు మందులకి, కామెర్ల పరీక్షలకి గిరాకీ పెరిగేది. ఆ రెండు నెలలూ మాలో అనుభవజ్ఞులు మంచి హోటల్లో కూడా పచ్చడి, మజ్జిగ ముట్టేవాళ్లు కాదు. రెండింట్లోనూ కలిసేది పచ్చినీళ్లే. ఇడ్లీ ఆవిరి మీద ఉడుకుతుంది, దాని పక్కన వేసే చట్నీలో పోసిన నీళ్లు ఎవరూ కాయరు. మన్యంలో పాడేరు, రంపచోడవరం వైపు వెళ్తే తొక్క ఉన్నదాన్నే నమ్మేవాళ్లం: ఉడకబెట్టిన గుడ్డు, అరటిపండు, కొబ్బరిబొండాం.

మద్రాసు–కలకత్తా రోడ్డు మీద రాత్రి బస్సులు వచ్చాక చిక్కు పెరిగింది. లారీలు ఆగిన దాబా మంచిదంటారు, అందులో నిజముంది. లారీ డ్రైవరు తన జేబులో డబ్బు పెట్టి తింటాడు, పదిరోజులకోసారి అదే దారిన వస్తాడు. అయితే ఆ లారీలు భోజనానికి ఆగాయా, పక్కన పంక్చరు షాపు ఉండబట్టి ఆగాయా అన్నది చూసుకోవాలి. ప్రైవేటు బస్సు ఆగిన హోటలు సంగతి దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ డ్రైవరుకీ క్లీనరుకీ వెనకగదిలో ఉచితంగా కోడికూర భోజనం. దానికి బదులుగా బస్సునిండా జనాన్ని తెచ్చి దింపుతారు. రాత్రి ఒంటిగంటకి ఊరికి దూరంగా, చుట్టూ పొలాలున్న చోట దిగిన ప్రయాణికుడికి ఇంకో హోటలు ఉండదు. చిన్నపిల్లకి ఇడ్లీ అడిగిన తల్లికి పులిసిన పిండి ఇడ్లీ రెట్టింపు ధరకి అంటగట్టి, ఇష్టమైతే తినమన్న చోట నేను నిలబడి ఉన్నాను. డ్రైవరు తినే కూరా మనకి వడ్డించే కూరా ఒకే గిన్నెలోంచి రావడంలేదన్నది అక్కడ గమనించాల్సిన మొదటి సంగతి.

చట్టాలు లేక కాదు. ఆహార కల్తీ నిరోధక చట్టం 1954లో వచ్చింది. దాని స్థానంలో 2006లో ఆహార భద్రత, ప్రమాణాల చట్టం వచ్చి 2011లో అమలైంది. ఇప్పుడు ప్రతి హోటలూ పద్నాలుగు అంకెల లైసెన్సు నంబరు కనబడేలా పెట్టాలి. 2024 అక్టోబరులో హైదరాబాదులో జనం జబ్బుపడ్డాక పచ్చిగుడ్డుతో చేసే మయొనైజును తెలంగాణ ప్రభుత్వం ఏడాదిపాటు నిషేధించింది. మంచిపనే. కానీ ఊళ్లో ఉన్న హోటలుకి ఇన్‌స్పెక్టరు వెళ్లగలడు, ఊరివాళ్లు ఫిర్యాదు చేయగలరు. అర్ధరాత్రి పొలాల మధ్య తిన్నవాడు తెల్లారేసరికి విజయవాడలోనో విశాఖలోనో ఉంటాడు. అతను తిన్న హోటలు పేరు కూడా అతనికి గుర్తుండదు.

దీనికి మందు బస్సు యజమానుల చేతిలోనే ఉంది. డ్రైవరుకీ క్లీనరుకీ భోజనం బత్తా వాళ్లే ఇవ్వాలి, హోటలువాడి దగ్గర తినాల్సిన అవసరం పోవాలి. ఆర్టీసీ అయినా, ప్రైవేటు అయినా బస్సు ఎక్కడ ఆగుతుందో టిక్కెట్టు కొన్నప్పుడే చెప్పాలి. సీటు నంబరు, బోర్డింగు పాయింటు, డ్రైవరు ఫోను అన్నీ అచ్చువేస్తున్న టిక్కెట్టు మీద, భోజనానికి ఆపే హోటలు పేరు, దాని లైసెన్సు నంబరు వేయడానికి ఒక్క లైను చాలు.